టౌ బీటా పై, మిషిగన్ గామా చాప్టర్: ఆహ్వానం అందుకున్న ఎం.ఎస్. విద్యార్థికి సమాధానం

తర్వాత చదివేవారికీ ఉపయోగపడుతుంది కనుక ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీరు ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ ఎం.ఎస్. చదువుతున్నారు. టౌ బీటా పై అనే హానర్ సొసైటీకి, అంటే చదువులో ముందున్నవారిని ఎన్నుకుని గౌరవించే సంస్థకు, మీ విశ్వవిద్యాలయంలో ఉన్న విభాగమైన మిషిగన్ గామా చాప్టర్ మీకు ఆహ్వానం పంపింది. గ్రీకు అక్షరాల పేరునూ, చివర ఉన్న సభ్యత్వ రుసుమునూ చూసి గుంటూరులో ఉన్న మీ నాన్నగారు ఇది డబ్బు గుంజే వ్యవహారమేమోనని అనుమానపడ్డారు. ఈ సంస్థ చరిత్ర ఏమిటి, చాప్టర్ వాళ్లు ఏం చేస్తారు, చేరితే ప్రయోజనం ఉంటుందా అని మీరు అడిగారు. నేను అదే చాప్టర్‌లో గ్రాడ్యుయేట్ విద్యార్థిగా చేరి, కొంతకాలం ట్యూటరింగ్ ఏర్పాట్లు చూశాను. ఇప్పుడు కంపెనీ తరఫున అక్కడి కెరీర్ ఫెయిర్‌కు వెళ్తుంటాను. నాకు తెలిసినంత మేరకు వివరంగా రాస్తున్నాను.

మీ నాన్నగారి అనుమానం సహేతుకమైనదే, కానీ ఈ సంస్థ విషయంలో ఆయన నిశ్చింతగా ఉండవచ్చు. అమెరికాలో ఇంజనీరింగ్ శాఖలన్నింటికీ కలిపి ఉన్న హానర్ సొసైటీల్లో అన్నిటికన్నా పాతది ఇదే. అయితే సర్టిఫికెట్ కోసమో, రెజ్యూమేలో ఒక వరుస కోసమో మాత్రమే చేరేటట్లయితే మీకు దక్కేది చాలా తక్కువ. మార్కులు మీకు ఆహ్వానాన్ని మాత్రమే తెచ్చిపెట్టాయి. ఈ చాప్టర్‌ను నూరేళ్లకు పైగా నిలబెట్టింది మాత్రం సభ్యులు చేసే పని. కింద రాసినదంతా ఆ పని గురించే.

చరిత్ర దగ్గర మొదలుపెడతాను. అమెరికాలో చదువులో రాణించినవారిని గౌరవించే సొసైటీల్లో అగ్రగణ్యమైన ఫై బీటా కప్పా 1776లోనే విలియం అండ్ మేరీ కళాశాలలో పుట్టింది. కానీ అది సాహిత్యం, తత్త్వం, శుద్ధ శాస్త్రాల వంటివి చదివేవారి కోసం ఏర్పడిన సంస్థ. గనులు, యంత్రాలు, వంతెనల చదువులు అప్పటికింకా కొత్తవి. చేతిపని నేర్చుకునేవారికి పాండిత్య గౌరవమేమిటన్న భావన విద్యావంతుల్లో బలంగా ఉండేది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బెత్లెహెమ్ పట్టణంలో రైల్వే యజమాని ఏసా ప్యాకర్ 1865లో స్థాపించిన లీహై విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ హిగ్గిన్‌సన్ విలియమ్స్ జూనియర్ అనే మైనింగ్ ఆచార్యుడు ఉండేవారు. సాంకేతిక విద్యలో ముందున్న విద్యార్థులకు ఆ స్థాయి గుర్తింపు లేకపోవడం ఆయనకు అన్యాయంగా తోచింది. ఆ లోటు తీర్చడానికే ఆయన 1885లో టౌ బీటా పై నెలకొల్పారు. అందులో చేరిన మొదటి విద్యార్థి ఇర్వింగ్ ఆండ్రూ హైక్స్.

తర్వాత ఏడేళ్ల పాటు లీహై చాప్టర్ ఒక్కటే ఉండేది. రెండో చాప్టర్ 1892లో మిషిగన్ రాష్ట్రంలోనే, ఈస్ట్ లాన్సింగ్‌లోని వ్యవసాయ కళాశాలలో, అంటే నేటి మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఏర్పడింది. 1893లో పర్డ్యూ, 1896లో స్టీవెన్స్, 1897లో ఇలినాయ్ వరుసగా చేరాయి. ఒక్కో రాష్ట్రంలో చాప్టర్లు ఏర్పడిన క్రమంలో వాటికి ఆల్ఫా, బీటా, గామా అని పేర్లు పెట్టడం వీరి పద్ధతి. 1906లో ఏర్పడిన ఆన్ ఆర్బర్ చాప్టర్ రాష్ట్రంలో మూడోది కనుక గామా అయింది. ఇక్కడ ఇంజనీరింగ్ బోధన 1854 నుంచే ఉన్నా, అప్పటికి రెండేళ్ల ముందు డీన్ పదవికి వచ్చిన మార్టిమర్ కూలీ హయాంలోనే కళాశాల బాగా విస్తరించింది. చాప్టర్ కూడా ఆ పెరుగుదల కాలంలో పుట్టినదే.

జాతీయ స్థాయిలో ఈ సంస్థకు స్థిరమైన రూపం ఇచ్చిన వ్యక్తి ఆర్. సి. మాథ్యూస్. ఇలినాయ్ చాప్టర్ సభ్యుడైన ఆయన 1905 నుంచి 1947 వరకు, నాలుగు దశాబ్దాలు దాటి, కార్యదర్శిగా కొనసాగారు. ఆయన టెనెసీ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరడంతో కార్యాలయం కూడా ఆయన వెంటే నాక్స్‌విల్‌కు వెళ్లింది. ప్రధాన కార్యాలయం నేటికీ అక్కడే ఉంది. సభ్యుల పై చదువులకు ఫెలోషిప్పులు ఇచ్చే పథకం 1929లో మొదలైంది. నెబ్రాస్కాలో 1904లో పుట్టిన సిగ్మా టౌ అనే మరో ఇంజనీరింగ్ సొసైటీ 1974లో ఇందులో విలీనమైంది. నేడు అమెరికా అంతటా రెండు వందల యాభైకి దగ్గరగానో, అంతకు మించో చాప్టర్లు ఉంటాయి. ఏటా జరిగే కన్వెన్షన్‌కు ప్రతి చాప్టర్ ఒక విద్యార్థి ప్రతినిధిని పంపుతుంది. ముఖ్యమైన నిర్ణయాలు తీసుకునేది ఆ విద్యార్థులే. పెద్దలు నడిపే సంస్థలో విద్యార్థులు పేరుకు మాత్రమే ఉండటం మనకు అలవాటు. ఇక్కడ ఓటు నిజంగానే విద్యార్థి చేతిలో ఉంటుంది.

ఈ చరిత్రలో దాటవేయకూడని భాగం ఒకటుంది, అది మహిళల విషయం. మిషిగన్ విశ్వవిద్యాలయం 1870 నుంచే స్త్రీలకు ప్రవేశం ఇచ్చింది. 1895లోనే మేరియన్ సారా పార్కర్ ఇక్కడ సివిల్ ఇంజనీరింగ్‌లో పట్టా పొందారు. అంటే గామా చాప్టర్ మొదలయ్యేనాటికి ఈ ప్రాంగణంలో స్త్రీ ఇంజనీరింగ్ చదవడం కొత్త విషయమేమీ కాదు. అయినా టౌ బీటా పై నియమావళి పురుషులను మాత్రమే సభ్యులుగా ఒప్పుకునేది. అర్హత ఉన్న విద్యార్థినులకు 1930ల నుంచి 'విమెన్స్ బ్యాడ్జ్' అని ఒక ప్రత్యేక చిహ్నం ఇచ్చి, సభ్యత్వం మాత్రం ఇవ్వకుండా పక్కన ఉంచారు. అవే పరీక్షలు రాసి, అవే మార్కులు తెచ్చుకున్న విద్యార్థిని ఆ బ్యాడ్జ్ పెట్టుకుని, తన క్లాసులో కుర్రాళ్లు సభ్యులుగా ప్రమాణం చేస్తుంటే చూస్తూ ఉండాల్సి వచ్చేది. ఈ వివక్ష 1969లో జరిగిన సవరణతో తొలగింది. ప్రతిభకు గౌరవం దక్కడం లేదన్న ఆవేదనతో పుట్టిన సంస్థ అదే తప్పును ఎనభై ఏళ్లకు పైగా తానే చేసిందన్నది నా దృష్టిలో చిన్న విషయం కాదు. కొత్త సభ్యులకు చరిత్ర చెప్పేటప్పుడు నేను ఈ భాగాన్ని ఎప్పుడూ వదిలిపెట్టలేదు. నేడు ఇదే చాప్టర్ తన అతి పెద్ద కార్యక్రమాన్ని సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజనీర్స్ విద్యార్థి విభాగంతో సరిసమానంగా కలిసి నడుపుతోంది కనుక ఆ కథ తెలిసి ఉండటం మరీ అవసరం.

ఇక అర్హత. బ్యాచిలర్స్ చదివేవారిలో మూడో ఏడాది వారైతే తరగతిలో మొదటి ఎనిమిదో వంతులోనూ, నాలుగో ఏడాది వారైతే మొదటి ఐదో వంతులోనూ ఉండాలి. మీలాంటి గ్రాడ్యుయేట్ విద్యార్థులు డిగ్రీకి కావలసిన కోర్సుల్లో కనీసం సగం పూర్తి చేసి, మొదటి ఐదో వంతులో ఉండాలి, లేదా వారి పని నాణ్యతను ఒక అధ్యాపకుడు ధ్రువీకరించాలి. ఇది మార్కుల వరకు ఉన్న నియమం. ఆ తర్వాత నడవడిక, నిజాయతీ చూస్తారు, చివరికి ఉన్న సభ్యులు ఓటు వేసి ఎన్నుకుంటారు. నడవడిక అన్న మాటను మొక్కుబడిగా తీసుకోవద్దని మన పిల్లలకు ప్రత్యేకంగా చెబుతుంటాను. మిషిగన్ ఇంజనీరింగ్‌లో 1916 నుంచి ఆనర్ కోడ్ అమల్లో ఉంది. ఆ కోడ్ సంప్రదాయం ప్రకారం పరీక్ష గదిలో ఇన్విజిలేటర్ ఉండరు. ఇతరుల సాయం తీసుకోలేదు, ఇవ్వలేదు అని జవాబుపత్రం మీద మీరే సంతకం చేస్తారు. మన కళాశాలల్లో స్క్వాడ్ల మధ్య పరీక్షలు రాసి వచ్చినవారికి ఆ నమ్మకం మొదట్లో ఆశ్చర్యంగా ఉంటుంది. స్నేహితుడి హోంవర్క్ చూసి రాయడం ఊళ్లో ఎవరూ పట్టించుకోకపోయి ఉండవచ్చు, ఇక్కడ అది విచారణ దాకా వెళ్తుంది.

చాప్టర్ పనుల్లో నాకు అన్నిటికన్నా దగ్గరైనది ట్యూటరింగ్. మొదటి రెండేళ్ల విద్యార్థులు కాలిక్యులస్, ఫిజిక్స్, స్టాటిక్స్, ప్రోగ్రామింగ్ వంటి కోర్సుల్లో చిక్కుబడినప్పుడు సభ్యులు, సభ్యత్వానికి ఎంపికైనవారు ఉచితంగా కూర్చుని సాయం చేస్తారు. వినడానికి ఇది తేలికగా ఉంటుంది. ఒకసారి రెండో ఏడాది అమ్మాయి ఒక ట్రస్ లెక్క, అంటే కడ్డీలను త్రిభుజాలుగా కలిపి కట్టిన చట్రం లెక్క, పట్టుకొచ్చింది. రెండు చివర్లా ఆధారాలున్న ట్రస్, మధ్య జాయింట్ మీద భారం, ఒక్కో కడ్డీలో బలం ఎంతో కనుక్కోవాలి. ఆ అమ్మాయి నేరుగా భారం ఉన్న జాయింట్ దగ్గర సమీకరణాలు రాయడం మొదలుపెట్టి, తెలియని బలాలు మూడు, సమీకరణాలు రెండే ఉండటంతో ఆగిపోయింది. పక్కన కూర్చున్న కొత్త ట్యూటర్ కలం తీసుకుని, ఆధారాల దగ్గరి ప్రతిచర్యలు తానే రాసివ్వబోయాడు. నేను ఆపాను. 'ఈ ట్రస్‌ను మొత్తంగా ఒకే వస్తువు అనుకుంటే దాని మీద బయటి నుంచి ఏమేం పనిచేస్తున్నాయి?' అని మాత్రం అడగమన్నాను. ఆ అమ్మాయి బొమ్మ మళ్లీ గీసింది, రెండు చివర్లా బాణాలు పెట్టింది, ఒక చివర చుట్టూ భ్రామకాలు తీసుకుంది, ఆ తర్వాత ఆధారం దగ్గరి జాయింట్ నుంచి ఒక్కొక్కటిగా విడదీసుకుంటూ వెళ్లింది. అరగంట పట్టింది. ట్యూటర్ రాసిస్తే రెండు నిమిషాల్లో అయిపోయేది, కానీ తర్వాతి పరీక్షలో ఆ అమ్మాయి మళ్లీ అక్కడే ఆగేది. కలం పట్టుకోకుండా సాయం చేయడం నేర్చుకోవడానికి ఆ కొత్త ట్యూటర్‌కు సెమిస్టర్ అంతా పట్టింది. ఇవాళ నా దగ్గర పనిచేసే జూనియర్ ఇంజనీర్లతో నేను వాడే పద్ధతి ఆ బల్ల దగ్గర అలవడినదే.

రెండోది సెప్టెంబరులో నార్త్ క్యాంపస్‌లో జరిగే కెరీర్ ఫెయిర్. దీన్ని సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజనీర్స్ విభాగం, టౌ బీటా పై చాప్టర్ కలిసి పూర్తిగా విద్యార్థుల చేతుల మీదుగా నడుపుతాయి. కంపెనీలతో ఉత్తరప్రత్యుత్తరాలు, స్టాళ్ల కేటాయింపు, డ్యూడర్‌స్టాట్ సెంటర్, పియర్‌పాంట్ కామన్స్ వంటి భవనాల్లో ఏర్పాట్లు, తెల్లవారకముందే వచ్చి కంపెనీలు పంపిన పెట్టెలు వాళ్ల బల్లల దగ్గరికి చేర్చడం, రిక్రూటర్లకు టిఫిన్, భోజనం చూసుకోవడం అన్నీ వాళ్లే చేస్తారు. ఫెయిర్ నుంచి వచ్చే రాబడితోనే రెండు సంస్థలూ మిగతా ఏడాది సేవా కార్యక్రమాలు నడుపుకుంటాయి. ఇప్పుడు నేను బల్లకు అవతలి వైపు నిలబడుతున్నాను కనుక ఒక మాట చెప్పగలను. వరుసలో నిలబడి రెజ్యూమే ఇచ్చే వందలాది మంది ముఖాలు రిక్రూటర్‌కు సాయంత్రానికి గుర్తుండవు. ఉదయం ఏడు గంటలకు పెట్టె మోసుకొచ్చి 'ఇంకేమైనా కావాలా అండీ' అని అడిగిన వలంటీర్ గుర్తుంటాడు. ఉద్యోగం అలా వచ్చేస్తుందని నేను అనను. కంపెనీలవారితో బెరుకు లేకుండా మాట్లాడటం మాత్రం తప్పకుండా వస్తుంది. మన విద్యార్థుల్లో చాలామందికి లోపించేది చదువు కాదు, ఆ చనువు.

బడిపిల్లల కోసం మైండ్‌సెట్ అనే కార్యక్రమం ఉంది. ఇది టౌ బీటా పై జాతీయ స్థాయిలో నడిపేది. చుట్టుపక్కల బడుల పిల్లలకు గణితం, సైన్సు మీద ఆసక్తి కలిగించడానికి చేతులతో చేసి చూసే ప్రయోగాలు చేయిస్తారు. దీనితో పాటు ఇంజనీరింగ్ ఫ్యూచర్స్ అని, బృందంలో పనిచేయడం, సమావేశాలు నడపడం, నలుగురిలో మాట్లాడటం వంటివి నేర్పే శిక్షణ తరగతులు కూడా ఉన్నాయి. వీటికి తర్ఫీదు పొందిన పూర్వ సభ్యులే వచ్చి బోధిస్తారు. మీకు తీరిక తక్కువ అనుకుంటే పిల్లల కార్యక్రమానికి ప్రాధాన్యం ఇవ్వమంటాను. పన్నెండేళ్ల పిల్లవాడికి ఒక విషయం అర్థమయ్యేలా చెప్పలేకపోతే అది మనకూ పూర్తిగా అర్థం కాలేదని అక్కడ తేలిపోతుంది.

సంస్థ చిహ్నాన్ని 'బెంట్' అంటారు. రైలు వంతెనలను కింద నుంచి మోసే చట్రాల్లో ఒక్కోదాని పేరది. జేబు గడియారానికి కీ ఇచ్చే తాళంచెవి రూపం కూడా ఇందులో కలిసి ఉంటుంది. 1906 నుంచి వస్తున్న సంస్థ పత్రిక పేరు కూడా 'ద బెంట్'. అమెరికాలోని అనేక ఇంజనీరింగ్ ప్రాంగణాల్లో ఈ ఆకారాన్ని లోహంతో పెద్దగా చేసి నిలబెట్టి ఉంచుతారు. కొన్ని చాప్టర్లలో కొత్తగా ఎంపికైనవారికి పోత పోసిన చిన్న ఇత్తడి బెంట్ ఇస్తారు. ముద్దగా, గరుకుగా ఉన్న దాన్ని ముందు ఆకురాయితో అరగదీసి, తర్వాత ముతక గరుకు కాగితం నుంచి సన్నని దానికి మార్చుకుంటూ గీతలు పోయేదాకా రుద్ది, చివర గుడ్డతో మెరుగు పెట్టాలి. డిజైన్ అంతా కంప్యూటర్ తెర మీదే చేసి, ఆకురాయి ఏ కోణంలో పట్టాలో తెలియని మెకానికల్ విద్యార్థికి ఈ పని చాలా నేర్పుతుంది. చివరగా జరిగే దీక్షా కార్యక్రమం సభ్యులకే పరిమితం కనుక దాని వివరాలు రాయను. భయపడవలసినవి, అవమానకరమైనవి అందులో ఏమీ ఉండవని మాత్రం హామీ ఇస్తాను.

మన కళాశాలల నుంచి వచ్చినవారు దీన్ని ఐ.ఈ.ఈ.ఈ. (ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంఘం) లేదా ఏ.ఎస్.ఎం.ఈ. (మెకానికల్ ఇంజనీర్ల సంఘం) విద్యార్థి విభాగంతో పోల్చుకుంటారు. వరంగల్‌లోనైనా కాకినాడలోనైనా వాటిలో ఆసక్తి ఉన్నవారెవరైనా చందా కట్టి చేరవచ్చు, ఏటా చందా కడుతూ ఉండాలి. అవి వృత్తి సంఘాలు. హానర్ సొసైటీలో ఎన్నిక జరిగాకే సభ్యత్వం, అదీ జీవితకాలానికి. టౌ బీటా పైలో ప్రవేశ రుసుము ఒక్కసారే కడతారు, జాతీయ సంస్థకు ఏటేటా చందా ఉండదు. భారతదేశంలో దీనికి చాప్టర్లు లేవు కనుక మీ నాన్నగారు పేరు వినకపోవడం సహజమే.

శాఖలవారీగా ఉండే హానర్ సొసైటీలు వేరే ఉన్నాయి. మెకానికల్ వారికి 1915లో ఇలినాయ్‌లో మొదలైన పై టౌ సిగ్మా ఉంది, దాని మిషిగన్ చాప్టర్ పేరు పై రో. ఎలక్ట్రికల్, కంప్యూటర్ వారికి 1904లో అక్కడే పది మంది విద్యార్థులు స్థాపించిన ఈటా కప్పా ను ఉంది, 2010లో అది ఐ.ఈ.ఈ.ఈ.లో కలిసింది. వాటి నుంచి కూడా మీకు గానీ మీ రూమ్మేట్లకు గానీ ఆహ్వానాలు రావచ్చు. అవీ నమ్మదగినవే.

అయితే అన్ని ఆహ్వానాలూ ఇలాంటివి కావు. గంభీరమైన పేరు పెట్టుకుని, మీ మార్కులు కూడా చూడకుండా ఈమెయిల్ పంపి, కార్డు వివరాలు అడిగే సంస్థలు చాలా ఉన్నాయి. వాటిని గుర్తించడానికి నేను చూసేవి కొన్నే. మీ కళాశాలలో దానికి చాప్టర్ ఉందా, దానికి బాధ్యత వహించే అధ్యాపకుడు ఎవరో డిపార్ట్‌మెంట్ ఆఫీసులో చెప్పగలరా, అర్హత నియమాలు బహిరంగంగా రాసి ఉన్నాయా, డబ్బు కట్టడానికి ముందు మనుషులను కలిసే సమావేశం ఉందా అన్నవి. అమెరికాలో హానర్ సొసైటీలకు ప్రమాణాలు నిర్దేశించడానికి 1925లో ఒక సమాఖ్య ఏర్పడింది. దాన్ని స్థాపించిన ఆరు సంస్థల్లో ఫై బీటా కప్పాతో పాటు టౌ బీటా పై కూడా ఒకటి. ఈ మాట మీ నాన్నగారికి చెప్పండి, ఆయన అనుమానం చాలావరకు తీరుతుంది.

ఇప్పుడు మీరు చేయవలసింది. ఆహ్వానంలో ఉన్న మొదటి సమాచార సమావేశానికి వెళ్లండి, అక్కడ రుసుము కట్టమని ఎవరూ ఒత్తిడి చేయరు. ఆ సెమిస్టర్‌లో గ్రాడ్యుయేట్ విద్యార్థులు ఎన్ని గంటల సేవ చేయాలో, ఏయే సమావేశాలకు రావాలో రాసిన కాగితం తీసుకుని మీ ప్రాజెక్టు గడువుల పక్కన పెట్టి చూసుకోండి. థీసిస్ చివరి దశలో ఉన్నా, ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలు ముంచుకొస్తున్నా, ఒప్పుకుని మధ్యలో వదిలేయడం కంటే వచ్చే సెమిస్టర్‌కు వాయిదా వేసుకోవడం మంచిది. కోర్సుల్లో సగం పూర్తయ్యాయో లేదో మీకు స్పష్టంగా తెలియకపోతే ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకువెళ్లి చాప్టర్‌లో గ్రాడ్యుయేట్ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసర్‌ను అడగండి. రుసుము ఒకేసారి కట్టడం కష్టమైతే ఆ మాట కూడా మొహమాటం లేకుండా ఆ ఆఫీసర్‌తోనే మాట్లాడండి. ట్యూటరింగ్‌కు పేరు ఇచ్చేటప్పుడు మాత్రం మీకు బాగా వచ్చిన రెండు కోర్సులే రాయండి. అన్నీ రాసిన కొత్తవారు మొదటి వారంలోనే తమకు సరిగా గుర్తులేని థర్మోడైనమిక్స్ లెక్క ముందు కూర్చోవలసి వస్తుంది.